వెండి రజను - సూక్ష్మక్రిములు



గత్తర యను మాట మన తెలంగాణపు పల్లెలలో నిప్పుడు తిట్టులలో మాత్రమే వినబడుచున్నది. మన తాతల కాలమున నది తిట్టు కాదు, వార్త. ఫలానివారి యింట వాంతులు, విరేచనములు మొదలైనవని తెలియగానే ఊరంతయు గడగడలాడెడిది. ప్రొద్దున నాగలి పట్టినవాడు ప్రొద్దుగ్రుంకువేళకు లేకపోవుట ఆ వ్యాధిలో వింత గాదు. పోచమ్మకు మ్రొక్కిరి, పొలిమేర కట్టించిరి, పిల్లలను, పశువులను దోలుకొని ఊరి బయటి తోటలలో గుడిసెలు వేసికొనిరి. ఊరు విడుచుటలో గొంత మేలు లేకపోలేదు. ఏలయన వ్యాధి నీటిలో నున్నది. బావి మారినచో వ్యాధియు దగ్గును. అయితే ఆ కారణము వారికి దెలియదు.

తెలిసినది 1884లో. జర్మనీ దేశపు వైద్యుడు రాబర్ట్ కోక్ అంతకు ముందటి సంవత్సరము ఈజిప్టులో గత్తరతో మరణించినవారి ప్రేగులలో కొంచెము వంగియున్న యొక క్రిమిని జూచియుండెను. అక్కడ వ్యాధి శాంతించుటచే దానిని వెదకికొనుచు కలకత్తాకు వచ్చెను. ఆ క్రిమియే కలకత్తా రోగులలోను గనబడెను. అంతకన్న ముఖ్యమైన సంగతి యేమనగా, వ్యాధి సోకిన పేటవారు వాడుకొను చెరువు నీటిలోను అది చిక్కినది. ఒక గట్టున బట్టలుదుకుట, ఒక గట్టున స్నానము, మరియొక గట్టున కడవ ముంచుట. చెరువు గల యే యూరివారికిని ఆ కాలపు ఆ దృశ్యమును వర్ణించి చెప్పనక్కరలేదు. సిద్దిపేట కోమటిచెరువు మొదలు చిన్న కుంటల వరకు మన సీమయంతయు చెరువుల సీమయే కదా.

కంటికి గనబడని ప్రాణులున్నవని 1676 నాటికే హాలెండు దేశపు లేవెన్‌హుక్ తన భూతద్దములతో జూచి వ్రాసెను. అవి మనుష్యులను జంపునని నిశ్చయముగ దెలియుటకు మరి రెండు వందల యేండ్లు పట్టినది. ఈ క్రిములలో నొక జాతికే బాక్టీరియా యని పేరు. వాటిని లోహముతో జంపు విద్య యొకటి కలదు. ఆ విద్య యెట్లు పుట్టినది, నడుమ నెందుకు మరుగుపడినది, మన కాలమున మరల నెందుకు తలయెత్తినది, ఇదియే నేటి ప్రసంగ విషయము.

మొదట రాగిని గూర్చి చెప్పవలెను. రాత్రి రాగిచెంబులో నీరు పోసియుంచి తెల్లవారి త్రాగుట మన దేశమున చిరకాలపు ఆచారము. దానిని బట్టి, సూక్ష్మక్రిముల సంగతి మన పూర్వులకు దెలియునని కొందరు సభలలో చెప్పుచున్నారు. నే నట్లు చెప్పజాలను. ఆచారము వేరు, కారణ జ్ఞానము వేరు. కాని ఆచారము వట్టిదియు గాదు. 2012లో బెంగుళూరునందలి ఆయుర్వేద పరిశోధకులును, కలకత్తాలోని అంటువ్యాధుల పరిశోధనాలయమువారును గలసి ఒక పరీక్షను బ్రకటించిరి. గత్తర క్రిమిని, జిగట విరేచనముల క్రిమిని, ఇంకను గొన్నిటిని బుద్ధిపూర్వకముగ నీటిలో గలిపి, ఆ నీటిని రాగిపాత్రలలో 16 గంటలుంచిరి. పిదప జూడగా ఆ క్రిములలో బ్రదికియున్నది యొక్కటియు బైకి దీయుటకు దొరకలేదు. నీటిలో గరగిన రాగియు హద్దు దాటలేదు. అంతకు ముందు 2005లో ఇంగ్లండునందలి నార్తంబ్రియా విశ్వవిద్యాలయమువారు మన ఇత్తడి బిందెలను బరీక్షించి, వాటిలో రెండు దినములలో క్రిములు నశించుటను గనుగొనిరి. ఇత్తడిలో నధికభాగము రాగియే గదా. మన పొరుగునే యున్న పెంబర్తి కంసాలులు తరతరములుగ సాగగొట్టుచున్న లోహ మదియే.

ఇక్కడ నొక మాట. కళాయి పోయించిన పాత్రకు ఈ గుణ ముండదు. కళాయి యనగా తగరపు పూత. దాని వెనుక రాగి దాగియుండును. పులుసు, మజ్జిగ వంటివి రాగిని గరగించి చిలుము పుట్టించి విషము చేయును గనుక, వంటపాత్రలకు కళాయి పోయించుట తెలివైన పని. నీటి బిందెకు పోయించినచో రాగికి జేయుటకు పని లేదు.

రాగి యీ పని యెట్లు చేయుచున్నదని మొదట శ్రద్ధగ విచారించినవాడు నేగెలి యను స్విట్జర్లాండు దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు. నీటిలో నాలుగు రాగినాణెములు వేసినచో ఆ నీటిలోని నాచు చచ్చిపోవుట యతడు గమనించెను. నాణెములు తూకములో దరిగినట్లే కనబడదు, నాచు మాత్రము బ్రదుకదు! అత్యల్పమైన లోహమునకు ఇంత శక్తి యెట్లు గలిగెనని యాశ్చర్యపడి వ్రాసిన యాతని గ్రంథము, ఆయన మరణించిన రెండేండ్లకు, 1893లో అచ్చయినది. రాగికన్నను, నీటియందు వెండికి ఈ శక్తి మిక్కుటమని తరువాతివారు దెలిసికొనిరి.

వెండి కథలో తండ్రికొడుకు లిద్దరు గలరు. తండ్రి పేరు కార్ల్ క్రెడే. జర్మనీలోని లైప్‌జిగ్ నగరమున ప్రసూతి వైద్యశాలకు పెద్ద. ఆ కాలమున ప్రసవ సమయమున తల్లినుండి అంటు సోకి శిశువుల కన్నులు చీముపట్టి పోవుచుండెను. గ్రుడ్డివారి పాఠశాలలలోని పిల్లలలో ననేకులు ఆ విధముగ చూపు గోల్పోయినవారే. 1880 ప్రాంతమున క్రెడే ఒక పద్ధతి మొదలిడెను. బిడ్డ పుట్టగానే కన్నులు కడిగి, నూటికి రెండు పాళ్ల సిల్వర్ నైట్రేటు గల నీటిని గాజుకడ్డీతో నొక్క చుక్క వేయుట. అంతే. నూరుగురు శిశువులలో పదిమందికి వచ్చుచుండిన యా వ్యాధి ఒక్కరికన్న దక్కువకు దిగిపోయినది. దేశదేశముల మంత్రసానులకు ఆ చుక్క వేయుట విధియైనది. ఎన్ని వేల కన్నులు దానివలన నిలిచినవో లెక్కించువారు లేరు. గొప్ప గొప్ప యంత్రములను బొగడువారు ఈ గాజుకడ్డీని మరచుచుందురని నాకు తోచును.

కొడుకు బెన్నో క్రెడే శస్త్రవైద్యుడు. సిల్వర్ నైట్రేటు మంట పెట్టును. గాయములలో నెక్కువగ వాడరాదు. వెండిని మిక్కిలి మెత్తని రజనుగ జేసి, నీటిలో అడుగునకు దిగకుండ నిలిపినచో మంటలేక పని జరుగునని తలచి, 1897లో కొల్లార్గాల్ అను మందును వైద్యులకు బరిచయము చేసెను. నేడు మనము నానో వెండి యని కొత్తపేరుతో పిలుచు పదార్థమునకు ఇది పెద్దన్న వంటిది. పేరు కొత్తది గాని వస్తువు నూటయిరువదియేండ్లకు పైబడినది.

నానో యన నేమి? గ్రీకు భాషలో మరుగుజ్జు అని యర్థమిచ్చు మాటనుండి పుట్టినది. ఒక మీటరును నూరుకోట్ల భాగములు చేసినచో నందొక భాగము నానోమీటరు. కిటికీలోనుండి వచ్చు ఎండలో తేలియాడు నలుసును మనవారు త్రసరేణువనిరి. అదియు దీనిముందు కొండ. తల వెండ్రుక మందము ఎనుబదివేలు మొదలు లక్ష నానోమీటర్ల వరకు నుండును. బాక్టీరియా పొడవు వేయి, రెండువేలు. ఒకటి మొదలు నూరు నానోమీటర్ల లోపు పరిమాణము గల రేణువులను నానోరేణువు లందురు. అనగా క్రిమి యెద్దంత యున్నదనుకొన్నచో ఈ రేణువు దానిపై వ్రాలిన జోరీగ.

ఇంత చిన్నదిగ చేయుటవలన లాభమేమి? లెక్క వేసి చూతము. పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కొక్క సెంటీమీటరు గల వెండి దిమ్మను దీసికొనుడు. తూకము పదిన్నర గ్రాములు. పాత లెక్కను తులమునకు గొంచెము దక్కువ. దాని ఆరు ముఖములు కలిసి 6 చదరపు సెంటీమీటర్లు. తమలపాకులో చిన్న ముక్క పాటి. దీనినే 10 నానోమీటర్ల దిమ్మలుగ గోయగలిగినచో, వాటి ముఖములన్నియు గలిసి 600 చదరపు మీటర్లగును. అనగా నించుమించు ఆరు గుంటల నేల! వెండి యొక గురిగింజయెత్తు కూడ పెరుగలేదు. నీటికి దగులు ముఖము మాత్రము పొలమంత యైనది. వెండి చేయు పనియంతయు నీటికి దగులు ముఖముననే జరుగును గనుక, రజను మెత్తనైనకొలది తక్కువ వెండితో నెక్కువ పని తీయవచ్చును. ఈ రజను కలిసిన నీరు తెల్లగ నుండదు. తేనెవలె పసుపు రంగు దాల్చును. బంగారపు రజనైనచో ఎఱ్ఱగ నుండును. ఆ యెరుపునకు రేణువుల సూక్ష్మతయే కారణమని మైకేల్ ఫెరడే 1857లోనే లండనులో వివరించెను.

ఇక వెండి క్రిమిని జంపు విధము. వెండి పట్టీలు, మొలత్రాళ్లు కొంతకాలమునకు నల్లబడుట మన ఆడువారికి దెలిసిన సంగతి. గాలిలోను, చెమటలోను ఉన్న గంధకము వెండిని బట్టుకొనుటచే ఆ నలుపు వచ్చును. వెండికిని గంధకమునకును అంత మైత్రి. బాక్టీరియా శరీరములోని మాంసకృత్తులలో గంధకము గల భాగము లున్నవి; ఆ క్రిమి యూపిరి పీల్చుట, ఆహారము జీర్ణించుకొనుట వాటిపైననే ఆధారపడియున్నది. నీటిలో గరగిన వెండి వాటిని బట్టుకొని పని మాన్పించును; క్రిమి పైపొరను జిల్లులు చేయును; సంతానము గలుగకుండ అడ్డుపడును. నానోరేణువు చేయునదెల్ల, గాదెవలె వెండిని దాచి యుంచి కొంచెము కొంచెముగ నీటిలోనికి వదలుట. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమువారు 2012లో ఈ సంగతిని దేల్చిరి. ప్రాణవాయువు లేనిచోట వెండి కరగదు. అట్టి చోట నానోరేణువులు క్రిములను జంపలేకపోయినవి. కావున రేణువులో మహిమ యేదియు లేదు, కరగిన వెండిలోనే యున్నది. నానో యను పేరు వినగానే చేతులు జోడించువారు ఈ పరీక్షను దెలిసికొనుట మంచిది.

ఇంత మంచి వెండి నడుమ నెందుకు మరుగుపడినది? దానికన్న మేలైన మందులు వచ్చినవి గనుక. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగు పెనిసిలిన్‌ను గనుగొనెను. 1948లో ఆరియోమైసిన్ వెలువడినది. టెట్రాసైక్లిన్ జాతి మందులలో నది మొదటిది. మట్టిలోని బూజువంటి జీవినుండి దానిని దీసినవాడు బెంజమిన్ డగ్గర్. ఆ పరిశోధనాలయమునకు అధిపతియై పని నడపించినవాడు మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ యను గ్రహణివ్యాధికి అన్నను బలియిచ్చిన యా తెలుగువాడు, మందులు వెదకుటలోనే జీవితమును గడపి, ఆరియోమైసిన్ వెలువడిన సంవత్సరముననే న్యూయార్కు ప్రాంతమున మరణించెను. 1994లో సూరతు నగరమున ప్లేగు భయము పుట్టినప్పుడు జనులు వరుసలు గట్టి తీసికొన్నది ఆ జాతి మందునే. ఇట్టి మందులు నోట వేసికొన్నచో రక్తములో గలిసి శరీరమంతటను క్రిములను వెదకి పట్టును. వెండి ఆ పని చేయలేదు. అందుచే వైద్యులు దానిని వదలిరి. కాలిన గాయములకు మాత్రము నిలిచినది. 1968లో చార్లెస్ ఫాక్స్ అను నమెరికా వైద్యుడు వెండిని సల్ఫా మందుతో గలిపి చేసిన తెల్లని లేపనము నేటికిని ఆసుపత్రులలో నున్నది.

ఆ మేలైన మందులను మన మేమి చేసికొంటిమి? పడిశమునకు నవియే, జ్వరమునకు నవియే. అయిదు దినములు వాడుమన్న మాత్రలను రెండు దినములు వాడి, మిగిలినవి చూరులో దోపుట. పడిశము వైరస్ వలన వచ్చును. దానిపై నీ మందులకు అధికారము లేదు. సగము మందుతో చావక మిగిలిన క్రిములు ఆ మందునకు లొంగని సంతానమును గనుచున్నవి.

ఈ దోషము ఇంటింటిదియే గాదు, కర్మాగారములదియు నున్నది. 2016 అక్టోబరు వరకు సిద్దిపేటయు పటాన్‌చెరువును ఒక్క మెదకు జిల్లాలోనివే. ఆ పటాన్‌చెరు వద్ద, దాదాపు తొంబది మందుల కర్మాగారముల మురుగునీటిని శుద్ధి చేయు కేంద్రమునుండి బయటకు వచ్చు నీటిని స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు పరీక్షించి, 2007లో ఫలితమును బ్రకటించిరి. శుద్ధియైనదనుకొన్న యా నీటిలో లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు గలదు. మాత్ర మ్రింగిన రోగి రక్తములోనైనను అంత యుండదు! వాగులోని క్రిములకు దినదినము మందు త్రాగించి, లొంగకుండుట యెట్లో మనమే నేర్పుచున్నా మనవలెను. లోకమంతటను 2019లో, మందులకు లొంగని బాక్టీరియా కారణముగనే పండ్రెండు లక్షల డెబ్బదివేలమంది మరణించిరని శాస్త్రజ్ఞుల యంచనా. మందులు మొద్దువారుచున్నప్పుడు వెనుకటి యాయుధము మీదికి చూపు పోవుట సహజము. వ్యాధి వచ్చిన పిదప మందు లేనిచో, వ్యాధి రాకుండ నీటినే కాపాడుకొనవలెను గదా.

ఆ పని మన దక్షిణదేశమున గట్టిగ జరిగినది. మద్రాసు ఐ.ఐ.టి.లో ఆచార్య ప్రదీప్‌గారును వారి శిష్యులును వెండి, బంగారపు నానోరేణువులతో మొదట నీటిలోని పురుగుమందులను బట్టుటకు మార్గము కనిపెట్టిరి; 2007లో ఆ పద్ధతి గల వడపోత సాధనము విపణికి వచ్చినది. 2013లో నానో వెండిని మెల్లమెల్లగ నీటికి వదలు చవుక పదార్థమును బ్రకటించిరి. 2009 డిసెంబరులో టాటావారు స్వచ్ఛ్ అను పేరుతో నొక వడపోత పాత్రను వెయ్యి రూపాయల లోపు వెలకు విడుదల చేసిరి. దానికి విద్యుత్తు వలదు, కుళాయి వలదు. అందులో పనిచేయు పదార్థము వడ్ల పొట్టు బూడిద. ఆ బూడిదకు నానో వెండిని బట్టించిరి. మన రైసుమిల్లుల వెనుక గుట్టలు గుట్టలుగ బడియుండి గాలికి ఊరిమీద పడు బూడిద యది.

హైదరాబాదు బాలాపురములో ఏ.ఆర్.సి.ఐ. యని పిలువబడు కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ కలదు. లోహముల పొడులను గూర్చి పరిశోధించుటయే దాని వృత్తి. వారు మన యిండ్లలోని స్టీలు ఫిల్టరులో నుండు తెల్లని పింగాణి క్యాండిలునకు నానో వెండిని బట్టించు పద్ధతిని గనిపెట్టి, తయారుచేసి యమ్ముటకు హైదరాబాదులోని యొక సంస్థకు నప్పగించిరి. నాకు ఈ పని మిగిలినవాటికన్న నచ్చినది. కొత్త యంత్రమును గొనుమనలేదు. ఇంటనున్న ఫిల్టరుననే క్యాండిలు మార్చుకొనుమనిరి. మామూలు క్యాండిలు మట్టిని, పెద్ద క్రిములను ఆపును; నాళ్లు గడచినకొలది దాని రంధ్రములలోనే బాక్టీరియా కాపురము పెట్టుటయు గలదు. వెండి పట్టిన క్యాండిలులో ఆ కాపురము సాగదు.

మిషన్ భగీరథ వచ్చిన పిదప ఇవి యెందుకని మీలో గొంద రడుగవచ్చును. దిగువ మానేరు నీటిని సిద్దిపేట పల్లెలకు గొట్టముల వెంట దెచ్చిన పథకమే దానికి మాదిరి. 2016 ఆగస్టు 7న గజ్వేలు దగ్గరి కోమటిబండలో నది ప్రారంభమైనది. ఊరంతటికి పంచు నీటికి క్లోరినే తగినది; చవుక, త్వరగ పనిచేయును. ఆ స్థానమును వెండి యాక్రమింపజాలదు. అయితే కుళాయికిని నోటికిని నడుమ నొక బిందె, ఒక చెంబు, ముంచు చేయి యున్నవి. గొట్టము పగిలినచోట మురుగు చేరుటయు గలదు. వెండి క్యాండిలు కాపాడునది ఆ నడిమి దూరమును. ఫ్లోరైడు దానికి లొంగదు. బోరునీటిలో ఫ్లోరైడు గల యూళ్లవారు ఈ క్యాండిలును నమ్మి బోరునీరు త్రాగరాదు.

వెండికిని హద్దు గలదు. మన దేశపు ప్రమాణము ప్రకారము త్రాగునీటిలో లీటరునకు మిల్లీగ్రాములో పదవవంతునకు మించి వెండి యుండరాదు. సర్వరోగములకు నౌషధమని సీసాలలో వెండినీరు అమ్మువారు కొందరు బయలుదేరినారు. దానిని నెలల తరబడి త్రాగినవారి చర్మము నీలిబూడిద రంగునకు మారును. ఆ రంగు మరల పోదు. క్రిములు వెండికి నలవాటుపడవను మాటయు నమ్మదగినది గాదు. అమెరికాలోని బోస్టను నగరపు పెద్ద యాసుపత్రిలో కాలిన గాయముల విభాగమున సిల్వర్ నైట్రేటును విరివిగ వాడుచుండగా, దానికి లొంగని సాల్మొనెల్లా క్రిమి పుట్టి రోగులను బట్టినది. ఆ సంగతి 1975లోనే అచ్చయినది. ఇప్పుడు మేజోళ్లకు, బట్టలుతుకు యంత్రములకు, దువ్వెనలకు గూడ నానో వెండి పూయుచున్నారు. ఉతికిన కొలది ఆ వెండి మురుగులో గలిసి వాగులకును చెరువులకును చేరుచున్నది.